అక్క కారు, తమ్ముడి కాలు

డ్రైవింగ్ మాస్టారికి నోట మాట రాకపోవడమనేది అతను పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. అలాంటివాడు ఆ ఆదివారం పొద్దున అక్క ఇంటి గేటు పట్టుకుని కొయ్యబారి నిలబడిపోయాడు.

లోపల పూలకుండీలకీ నీళ్ళ పంపుకీ మధ్య ఒక కారు ఉంది. నేలను కరుచుకుని పడుకున్నట్టు పొట్టిగా, వెడల్పుగా ఉంది. వెనక చక్రాలు ముందు చక్రాలకన్నా లావు. పండుమిరపకాయ రంగు. ఉన్నవి రెండే సీట్లు. పందేల్లో తప్ప వీధుల్లో కనపడని జాతి అది.

"ఎవరొచ్చారక్కా?" అన్నాడు చివరికి.

"ఎవరూ రాలేదు."

"మరి కారెవరిది?"

"నాదే. నిన్న సాయంత్రం తెచ్చిచ్చారు. గేటు వెయ్యి, కుక్కలొస్తాయి."

మాస్టారు గేటు వేశాడు. ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ తీశాడు. మళ్ళీ వేశాడు.

అక్క పళ్ళ డాక్టరు. యాభై దాటిన మనిషి. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "పొద్దున్నుంచీ ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూసి చూసి వస్తాను, ఇంటికొచ్చి ఇంకో నోరు చూడలేను" అని కొట్టిపారేసేది. టూత్‌పేస్టు గొట్టాన్ని చివరికంటా పిండి, ఆపైన కత్తెరతో కోసి లోపల గీకి వాడుకునే రకం. ఆమె పాత కారు అద్దం విరిగితే కొత్తది కొనకుండా, పళ్ళకు పెట్టే సిమెంటుతో తనే అతికించుకుంది. ఆ అక్క ఈ కారు కొనడమంటే, ఉపవాసాలుండే మనిషి ఉన్నట్టుండి హోటలు పెట్టినట్టే.

"నీకు మతి ఉందా? దీని పికప్ ఎంతో తెలుసా? ఇది నువ్వు కూరగాయలకి తీసుకెళ్ళే బండి కాదు!"

"తెలుసు. అందుకే నిన్ను రమ్మన్నా. కొత్త ఇంజను. మొదటి వెయ్యి కిలోమీటర్లూ మెత్తగా నడపాలిట. నువ్వు నడుపు. నేను పక్కన కూర్చుంటా."

"నీ కారు నేను నడపడమేమిటి?"

"ఈ ఊళ్ళో నీకన్నా నెమ్మదిగా నడిపేవాడు ఇంకోడున్నాడేంట్రా?"

మాస్టారు దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నవాడు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళ పేరు చెప్తే ఇన్సూరెన్సు వాళ్ళు కూడా కుర్చీ వేస్తారని చెప్పుకునేవాడు. ఇంటికెళ్ళి భార్యతో కారు సంగతి చెబితే ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"వదినకి ఏమైనా అయిందేమోనండీ."

"ఏమవుతుంది! గుండ్రాయిలా ఉంది."

"గుండ్రాళ్ళు కార్లు కొనవు," అంది ఆవిడ. ఆ మాట మాస్టారి చెవికెక్కలేదు. అతని మనసంతా ఆ స్టీరింగ్ మీదే ఉంది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే, తన క్లాసులు మొదలవకముందే, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. కొత్త ఇంజను లోపలి భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని సర్దుకునేదాకా దాన్ని ఎగరనివ్వకూడదు, అలాగని ఒకే వేగంతో ఈడవనూ కూడదు. కాసేపు పెంచాలి, కాసేపు తగ్గించాలి. మీటరు ముల్లు సగం దాటకుండా చూసుకోవాలి. బ్రేకులు కూడా అంతే, మొదట మెత్తగా, తర్వాత కాస్త గట్టిగా, అవి చక్రానికి అలవాటు పడేదాకా. ఇదంతా అతనికి కొట్టిన పిండి. కానీ ఈ కారు వేరు. బొటనవేలు ఆనిస్తే చాలు, వెనకనుంచి గుర్రుమని ఒక ఉరుము, నడుముని సీటు లాక్కుంటుంది. కళ్ళెం పట్టుకుని సింహాన్ని షికారుకి తీసుకెళ్తున్నట్టుండేది అతనికి.

అక్క మాత్రం రోడ్డు చూసేది కాదు. తల వంచుకుని అతని కాళ్ళకేసి చూస్తూ కూర్చునేది.

"ఏంటి చూస్తున్నావు?"

"మ్యాట్లు. బురద చేస్తున్నావు."

అందుకని అతను కారెక్కే ముందు బూట్లు దులుపుకోవడం మొదలుపెట్టాడు. అయినా ఆమె చూపు అక్కడే. ఒకరోజు దిగుతూ కాలిబాట అంచు తగిలి ముందుకు తూలాడు. అక్క చప్పున చెయ్యి పట్టుకుంది.

"ఏమైందిరా?"

"బూటు పాతదైపోయింది."

"ఎన్నాళ్ళ నుంచి పాతదైపోయింది?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు. నవ్వేశాడు.

ఆ వారంలోనే ఇంకో సంగతి జరిగింది. అతని దగ్గర నేర్చుకుంటున్న ఒక నర్సు మలుపులో చెత్తకుండీని గుద్దింది. నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేకుంటుంది. నొక్కాడు. కారు ఆగలేదు. ఆ అమ్మాయిని నాలుగు చీవాట్లు పెట్టి, కారుని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్కు పడుకుని, లేచి, ఊపి, తొక్కి చూసి, "బ్రేకు రాయిలా ఉంది మాస్టారూ" అన్నాడు. ఒక్కోసారి అలా అవుతుందిలే అని మాస్టారు సరిపెట్టుకున్నాడు.

వెయ్యి కిలోమీటర్లలో చివరి కొంచెం మిగిలుండగా అక్క, "ఇక చాలు, మిగతాది నేను నడుపుకుంటా. ఈలోగా కారుకి కొన్ని మార్పులు చేయిస్తున్నా," అని దాన్ని ఒక వర్క్‌షాపులో ఇచ్చేసింది.

మాస్టారికి గుండె జారిపోయింది. మార్పులంటే అతనికి తెలుసు. పక్కన మంటల బొమ్మలు అతికిస్తారు, వెనక రెక్క బిగిస్తారు, వీధిలో పసిపిల్లలు దడుచుకునేట్టు సైలెన్సరు మారుస్తారు. అంత అందమైన వస్తువుని అక్క చేజేతులా పాడుచేసుకుంటోందని, ఆపకపోతే తను తమ్ముడే కాదని, మధ్యాహ్నం క్లాసు మానుకుని వర్క్‌షాపుకి పరుగెత్తాడు.

ఆ వర్క్‌షాపు ఆయన్ని అందరూ బొంగురని పిలుస్తారు. ఏళ్ళ తరబడి ఇంజన్ల హోరు మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఇప్పుడేది మాట్లాడినా రహస్యం చెబుతున్నట్టే ఉంటుంది.

"రండి సార్. డాక్టరమ్మగారి తమ్ముడు కదూ. పని దాదాపు అయిపోయింది."

"సైలెన్సరు మార్చారా?"

"మార్చాం సార్. శబ్దం కాస్త పెంచమన్నారు."

"అనుకున్నా! ఈ వయసులో ఆవిడకి చప్పుడెందుకండీ?"

బొంగురు వింతగా చూశాడు. "వినపడాలి కదా సార్, మరి. ఇంజను అదురు కాళ్ళకి తెలీదు కాబట్టి చెవులకైనా తెలియాలన్నారు."

మాస్టారికి అర్థం కాలేదు. కారు తలుపు తీసి వంగాడు. సీటు అంచు కోసి తగ్గించారు, దిగడానికి వీలుగా. స్టీరింగుకి ఒక గుండ్రటి పిడి బిగించారు, ఒంటిచేత్తో తిప్పడానికి. దాని ఎడమ పక్కన, కింద నుంచి పైకి, మెరుస్తున్న ఒక లివరు. కింద పెడళ్ళు కనపడటం లేదు. వాటి మీద ఒక రేకు మూత.

"ఇదేంటి?"

"చేతి కంట్రోలు సార్. ముందుకి తోస్తే బ్రేకు, మన వైపు లాక్కుంటే యాక్సిలరేటరు. కాళ్ళతో పనిలేదు. పొరపాటున పాదం పెడళ్ళ మీద పడకుండా ఆ మూత." బొంగురు లివరుని మురిపెంగా తుడిచాడు. "ఇలాంటి కారుకి ఇలాంటిది బిగించడం నాకూ మొదటిసారే. డాక్టరమ్మగారి కాళ్ళ సంగతి మీరు..."

ఆగిపోయాడు. మాస్టారి మొహం చూసి పక్కనున్న టైరు ముందుకు తోశాడు. మాస్టారు దాని మీద కూలబడ్డాడు. ఇచ్చిన నీళ్ళు తాగకుండా చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు.  కాళ్ళ సంగతి. ఏ కాళ్ళ సంగతి? అక్క నడుస్తూనే ఉంది కదా. మొన్న కూడా... నిజానికి మొన్న గోడ పట్టుకుని నడిచింది. అటుమొన్న కారు పైకప్పు పట్టుకుని. తను చూశాడు, చూసి కూడా చూడలేదు.

అక్క క్లినిక్కు దాకా ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. ముందు గదిలో ఎవరూ లేరు. ఎప్పుడూ కిటకిటలాడే బల్లలు ఖాళీ. లోపల పళ్ళు పీకే కుర్చీ మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంది. అక్క దాని పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని పనిముట్లు పెట్టెల్లో సర్దుతోంది.

"బొంగురు ఫోను చేశాడు," అంది తలెత్తకుండానే. "కూర్చో."

"నిలబడతా! ఎన్నాళ్ళ నుంచి? నాకెందుకు చెప్పలేదు? నేను నీకేమవుతాను, అసలు?"

"తమ్ముడివవుతావు. అందుకే చెప్పలేదు."

అప్పుడు చెప్పింది. పోయిన వానాకాలంలో ఒక పెద్దాయన పన్ను తొలుస్తోంది. డ్రిల్లు కాలి కింది పెడలుతో నడుస్తుంది. పని అయింది, పాదం ఎత్తింది. ఎత్తాననుకుంది. డ్రిల్లు మాత్రం తిరుగుతూనే ఉంది, ఆయన నాలుకకి వెంట్రుకవాసి దూరంలో. చెయ్యి గభాలున వెనక్కి లాక్కుని కిందకి చూస్తే పాదం ఇంకా పెడలు మీదే ఉంది. ఆ పాదం తనది కానట్టుంది.

"ఆయనకి తెలీదు. నోరు కడుక్కుని, దండం పెట్టి వెళ్ళాడు. నేను మాత్రం సాయంత్రం దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. నరాల జబ్బురా. పాదాలతో మొదలవుతుంది. ఏళ్ళ మీద మెల్లగా పైకొస్తుంది. చేతులకి రావచ్చు, రాకపోవచ్చు. ప్రాణాపాయం లేదు. మందూ లేదు."

మాస్టారు కుర్చీ అంచు మీద కూర్చుండిపోయాడు.

"మరి ఆ కారేంటక్కా?"

"ఆస్పత్రిలో చక్రాల కుర్చీల బొమ్మల పుస్తకం చేతిలో పెట్టారు. చూసుకుంటూ ఇంటికొస్తుంటే దారిలో ఆ షోరూము కనపడింది. ఎలాగూ చక్రాలేగా, మంచివే కొందామనుకున్నా."

ఆమె నవ్వింది. అతను నవ్వలేకపోయాడు. కళ్ళు తుడుచుకుని, "సరే, నేనున్నాగా. నువ్వు ఎక్కడికెళ్ళాలన్నా నేను తీసుకెళ్తా," అన్నాడు.

అక్క చేతిలోని పెట్టె పక్కన పెట్టింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఒరేయ్. లేచి నిలబడు. బూట్లు విప్పు."

"ఎందుకు?"

"విప్పమన్నా. ఆ గోడ దాకా మడమల మీద నడువు. వేళ్ళు పైకెత్తి."

చిన్నపిల్లల ఆటలా ఉందనుకుని మాస్టారు లేచాడు. మడమల మీద బరువు వేసి వేళ్ళు పైకి లేపాడు. ఎడమ పాదం కాస్త లేచింది. కుడిది లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మనసు పైకి లెమ్మంటోంది, పాదం వినడం లేదు. ఒక అడుగు వేశాడు. టప్‌మని పాదం మొత్తం నేలని కొట్టింది. ఇంకో అడుగు. టప్. గోడ అందుకుని ఆగిపోయాడు. ఆ గదిలో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదతనికి.

"నాన్న నడక గుర్తుందా?" అంది అక్క చాలా మెల్లగా. "వీధి మొదట్లో ఉండగానే టపటపమని వినపడేది. మనం ఆట ఆపి పుస్తకాలు తీసేవాళ్ళం. చెప్పులు పెద్దవనుకునేవాళ్ళం."

మాస్టారు గోడ వైపే తిరిగి నిలబడ్డాడు. నాన్న గుండె ఆగి పోయాడు, చిన్న వయసులోనే. ఆయన పాదాల గురించి ఎవరూ, ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఇది వంశంలో వచ్చేది. నాకు తెలిసిన మర్నాటి నుంచి నీ గురించే బెంగ. అడిగితే ఏమంటావు? బూటు పాతదంటావు. అందుకే నీ చేత కారు నడిపించాను. బ్రేకు మీద నుంచి యాక్సిలరేటరుకి మారేటప్పుడు మడమ నేల మీదే ఉంచి పాదం తిప్పాలని నువ్వే కదా అందరికీ నేర్పేది? నువ్వు కాలు మొత్తం ఎత్తి, తొడతో మారుస్తున్నావు. ప్రతిసారీ."

మాస్టారు గిరుక్కున తిరిగాడు. మొహం ఎర్రబడింది.

"అంటే ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని నన్ను పరీక్ష చేశావా? రోజూ నవ్వుతూ, మ్యాట్లనీ బురదనీ అబద్ధాలు చెప్పి?"

"చెప్పి చూస్తే నువ్వు జాగ్రత్తగా తొక్కేవాడివి. చెప్పకుండా చూస్తేనే నిజం తెలిసేది." ఆమె కుర్చీ మీది దుప్పటి లాగి సర్దింది. "నేను తప్పుగా చూశానేమోనని రోజూ అనుకున్నానురా. ఇంకొక్కరోజు చూద్దాం, ఇంకొక్కరోజు చూద్దాం అని. మొదటి రోజే తెలిసిపోయింది నాకు."

అప్పుడు అతనికి చెత్తకుండీ గుర్తొచ్చింది. బ్రేకు రాయిలా ఉందన్న మెకానిక్కు మాట గుర్తొచ్చింది. తను నొక్కాడు. నొక్కాననుకున్నాడు. అది చెత్తకుండీ కాబట్టి సరిపోయింది. అక్కడ ఒక మనిషి ఉండుంటే?  ఆ నర్సుని తిట్టిన తిట్లు ఒక్కొక్కటీ చెవుల్లో మోగాయి.

తర్వాత అతను అడిగింది ఒకే ఒక్క మాట.

"అమ్మాయికి?"

అతని కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అక్క అతని చెయ్యి పట్టుకుంది.

"రావచ్చు. రాకపోవచ్చు. సగానికి సగం. ముందు నీ సంగతి తేలనీ."

తేలింది. ఆస్పత్రిలో కాళ్ళకి తీగలు చుట్టి, సూదులు గుచ్చి, రక్తం తీసి చూసి, అక్క కళ్ళు చూసిందే నిజమన్నారు. ఇంకా మొదట్లోనే ఉందన్నారు. మాస్టారు బయటికొచ్చి ఎండలో నిలబడ్డాడు. రోడ్డు మీద వందల కొద్దీ పాదాలు ఏ ఆలోచనా లేకుండా లేస్తున్నాయి, పడుతున్నాయి. జనం ఇంత తేలిగ్గా ఎలా నడుస్తున్నారో అతనికి మొదటిసారి ఆశ్చర్యమేసింది.

భార్య ఏడవలేదు. విని, లోపలికెళ్ళి, అతని బూట్లన్నీ తెచ్చి వరండాలో బోర్లించింది. అన్నిటికీ కుడికాలి ముందుభాగం అరిగి ఉంది. "నెలకో జత కొంటుంటే తిట్టాను మిమ్మల్ని," అంది. అప్పుడు ఏడ్చింది.

కూతురికి ఫోనులో ఇద్దరూ కలిసి చెప్పారు.  అవతల గది తలుపు వేసిన చప్పుడు, తర్వాత నేల మీద అడుగుల చప్పుడు వినపడ్డాయి.

"నాన్నా, మడమల మీద నడిచి చూశాను," అంది చివరికి, ఆయాసపడుతూ. "నడవగలుగుతున్నా. ఈరోజుకి నడవగలుగుతున్నా."

మాస్టారు ఫోను భార్యకిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

స్కూలు మూయలేదు. రోడ్డు మీద పక్కన కూర్చునే పనికి ఇంకొకర్ని పెట్టాడు, తను గదిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. నర్సు ఇంటికెళ్ళి తప్పు తనదేనని చెప్పాడు. ఆమె మొదట కోప్పడింది, తర్వాత అతన్ని కూర్చోబెట్టి ఆ మడమల నడక తనకీ ఒకసారి చూపించమంది. 

అక్క రవాణా శాఖ అధికారి ముందు చేతులతో నడిపి చూపించి, చేతి కంట్రోలుతో నడపొచ్చని లైసెన్సు మీద రాయించుకుంది. మిగిలిన కిలోమీటర్లు తనే పూర్తి చేసింది. బొంగురు ఇంజను ఆయిలు మార్చి, ఊరి బయట వాడకం మానేసిన పాత రన్‌వే ఒకటుంటే, తన కార్లు పరీక్షించుకునే ఆ చోటికి ఇద్దర్నీ రమ్మన్నాడు.

"వెయ్యి కిలోమీటర్ల రన్నింగ్-ఇన్ అయిపోయింది డాక్టరమ్మగారూ," అన్నాడు రహస్యంలా. "ఇక దీని నోరు నొక్కిపెట్టక్కర్లేదు."

అక్క బెల్టు బిగించుకుంది. మాస్టారు పక్కన కూర్చుని, "ముందు నెమ్మదిగా, తర్వాత..." అంటూ ఉన్నాడు. ఆ వాక్యం పూర్తవలేదు. అక్క లివరుని తన వైపు లాక్కుంది.

లోకం వెనక్కి పారిపోయింది. పొట్ట వెన్నెముకకి అంటుకుంది. వెనకనుంచి వచ్చిన హోరు ఎముకల్లోకి దిగింది. రన్‌వే మీద పిచ్చిమొక్కలన్నీ కలిసి ఒక ఆకుపచ్చ గీతయ్యాయి. "అమ్మో!" అని ఎవరో కేకపెట్టారు. అది తనేనని మాస్టారికి ఆలస్యంగా తెలిసింది. ఇన్నాళ్ళూ తను బుజ్జగిస్తూ నడిపింది దీన్నా! అక్కకేసి చూశాడు. ఆమె కళ్ళు విప్పార్చుకుని, నోరు తెరిచి, తన చేతిలోంచి ఇంత వేగం పుడుతోందని తనే నమ్మలేనట్టుంది. చివర్లో లివరుని ముందుకు తోసింది. కారు నేలలో పాతుకున్నట్టు ఆగింది.

 ఇంజను వేడికి టిక్కుటిక్కుమంటోంది. అక్క బెల్టు విప్పుకుంది.

"దిగు," అంది. "ఇటు రా. నువ్వు నడుపు."

"నాకు చేతులతో రాదు."

"అందుకేరా."

ఆమె కారు పైకప్పు పట్టుకుని అటునుంచి దిగింది. అతను ఇటునుంచి దిగాడు. కారు ముందు నుంచి ఎదురెదురుగా వస్తున్నారు. ఆమె బానెట్ పట్టుకుని తూలుతూ, అతను టపటపమంటూ. మధ్యలో ఎదురుపడి ఆగిపోయారు. ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. ముందు అక్కకి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. మాస్టారికి కూడా వచ్చింది. ఇద్దరూ వేడిగా ఉన్న బానెట్ మీద చేతులు ఆనించి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు. దూరంగా టీ తాగుతున్న బొంగురు ఏం జరిగిందో అర్థం కాక లేచి నిలబడ్డాడు.

మాస్టారు సీట్లో కూర్చున్నాడు. అలవాటుగా కుడికాలు లేచి మూత మీద పడింది.

"కాలు కాదు, చెయ్యి," అంది అక్క.

లివరు పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఏది ముందుకో, ఏది వెనక్కో ఒక్క క్షణం తోచలేదు. ఇరవై ఏళ్ళుగా ఎందరి మొహాల్లోనో చూసిన బెదురు ఇప్పుడు తనకి పట్టుకుంది. మెల్లగా లాగానని అనుకున్నాడు. కారు ఒక్కసారిగా ఎగిరింది. బెదిరి ముందుకు తోశాడు, గుద్దుకున్నట్టు ఆగింది. బొంగురు టీ గ్లాసు వదిలేసి పక్కకి గెంతాడు.

"పర్లేదు," అంది అక్క, బెల్టు సర్దుకుంటూ. "మళ్ళీ."

అతను అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, లివరుని ఇంకాస్త మెత్తగా తన వైపు లాక్కున్నాడు. ఈసారి కారు కదిలింది.